చలికి రాలిన చెవి

ప్రెసిడెంటు లైమన్ టారెంట్ లాయరుగా మొదలైంది మా లిండ్లీ కోర్టులోనే. ఆయన గెలిచిన మొదటి కేసు ఒక పంది గురించి. ఆ కథ దేశమంతటికీ తెలుసు. కథలో ఒక దొంగ ఉన్నాడు. ఆ దొంగ నా మరిది ఎనోస్ విట్లో.

అతను దొంగ కాడు. అతను మంచివాడని కూడా నేను చెప్పను. పలకరిస్తే పలికేవాడు కాదు. కుక్కను తన్నేవాడు. చర్చిలో పాట పాడేటప్పుడు నోరు కదిపేవాడు కాదు. కానీ పక్కవాడి గడ్డిపోచ ముట్టుకోలేదు.

విట్లోల తండ్రి కొండలు దాటి కెంటకీకి వచ్చి, రాతి వాగు పక్కన చెట్లు కొట్టి ఇల్లు వేశాడు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నా భర్త. చెట్టు విరిగి మీద పడి ఆయన పోయాక నా పొలమూ ఎనోసే దున్నాడు. చలికాలం ఓక్ దుంగలు చీల్చి పీపాలకు చెక్కలు చేసేవాడు. ఆ పని చేసేవాడి చెయ్యి పట్టుకుంటే మన చెయ్యి నొప్పి పెడుతుంది. అప్పట్లో వాగు మీద పిండి మరమిల్లు నడిపేవాళ్ళ అమ్మాయితో మాట్లాడుతూ ఉండేవాడు. మాట్లాడటమంటే, వాళ్ళింటి గడప మీద కూర్చుని చెక్క చెక్కుకుంటూ ఉండటం. ఆ అమ్మాయికి అదే చాలినట్టుండేది.

మా దగ్గర పందులకు దొడ్డి ఉండదు. అడవిలోకి తోలేస్తాం. ఓక్ కాయలు తిని బలుస్తాయి. చలి ముదిరాక వెతికి పట్టుకుని కోస్తాం. ఏది ఎవరిదో చెవి చెబుతుంది. విట్లోల గుర్తు ఎడమ చెవికి ఒక చీలిక. పక్క పొలం బర్డెట్ క్రెయిల్‌ది ఎడమ చెవికి చీలిక, పైగా కొన కోసేసి ఉంటుంది. అడవి పందిని కోసినవాడు దాని చెవులు దాచకూడదు. కంచె గుంజకు మేకు కొట్టి ఉంచాలి. దారిన పోయేవాళ్ళు చూసుకుంటారు.

ఒక ఏడు చలి మరీ ఎక్కువైంది. కోళ్ళు కొమ్మల మీదే బిగుసుకుని కింద పడ్డాయి. పందుల చెవి కొసలు నల్లబడి రాలిపోయాయి. చీలిక ఉన్న చెవికి కొన రాలితే ఏమవుతుంది? విట్లో పంది క్రెయిల్ పందిలా కనిపిస్తుంది.

మరుసటి చలికాలం ఎనోస్ అలాంటి పందినే కోశాడు. చెవులు గుంజకు కొట్టాడు. మధ్యాహ్నానికి క్రెయిల్ వచ్చాడు. ఆయన మా బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆయన ఆడపంది ఒకటి అడవిలో కనబడకుండా పోయి అప్పటికి చాలా రోజులైంది.

"ఎనోస్, ఇది నాదిరా."

"నీ చెవులు నీ తలకే ఉన్నాయిగా."

"వేళాకోళాలొద్దు. చీలిక ఉంది, కొన లేదు. ఇది క్రెయిల్ పంది."

"కొన చలికి ఊడింది. వేలు పెట్టి చూసుకో."

"ఏం చూడాలి? నాకు కళ్ళున్నాయి."

"ఉన్నాయిలే. పని చెయ్యటం లేదు."

ఎనోస్ ఇంకొంచెం మెత్తగా మాట్లాడి ఉంటే క్రెయిల్ వేలు పెట్టి చూసేవాడేమో. ఆయన నేరుగా లిండ్లీకి పోయాడు. అక్కడ సత్రం మేడ మీద ఒక కొత్త లాయరు దిగి ఉన్నాడు. తూర్పు నుంచి వచ్చాడు. ఒకే కోటు. అందమైన గొంతు. కేసులు లేవు.

లైమన్ టారెంట్‌ను నేను మొదట చూసింది మా కంచె దగ్గర. చెవి చూడటానికి వచ్చాడు. చేతి తొడుగు తీసి చెవి కొసను వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు. కత్తితో కోస్తే అంచు తిన్నగా, పల్చగా ఉంటుంది. చలికి రాలితే గుండ్రంగా, ముద్దగా ఉంటుంది. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. తూర్పువాడికి కూడా తెలిసింది.

నేను మజ్జిగ ఇచ్చాను. ఎనోస్ దుంగ చీలుస్తూ తల ఎత్తలేదు.

"ఏమంటారు లాయరుగారూ?" అన్నాను.

"చలి చేసిన పనేనమ్మా. క్రెయిల్ గారితో చెబుతాను." ఇంకో లోటా అడిగి తాగాడు. "మీ మరిది ఎప్పుడూ ఇంతేనా? మాట్లాడడా?"

"దుంగతో మాట్లాడుతున్నాడుగా."

నవ్వాడు. బాగా నవ్వుతాడు. గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. క్రెయిల్‌తో ఏం చెప్పాడో తెలియదు. చలి సంగతి మాత్రం చెప్పలేదు.

కోర్టు రోజు జనం మెట్ల దాకా నిండారు. అప్పటికి చెవి ఎండి తోలు ముక్కలా ముడుచుకుపోయింది. అంచు ఎలా ఉండేదో చూస్తే తెలిసేలా లేదు. తన పంది గుర్తు అదేనని క్రెయిల్ ప్రమాణం చేశాడు. అప్పుడాయన నిజంగా నమ్మే చేశాడు. టారెంట్ చెవిని రెండు వేళ్ళతో ఎత్తి జ్యూరీకి చూపించాడు.

"పెద్దలారా, ఈ చలిని మెచ్చుకుని తీరాలి. అడవిలో ఇన్ని పందులుండగా ఎనోస్ విట్లో పందినే వెతుక్కుంటూ వచ్చింది. కుడి చెవి జోలికి పోలేదు, మర్యాద తెలిసిన చలి. ఎడమ చెవి పట్టుకుంది. క్రెయిల్ గారి గుర్తు ఎంత ఉంటుందో అంతే కొరికింది. ఇంత చదువుకున్న చలి మన కౌంటీలో ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు. తెలిస్తే బడిలో పంతులుగా పెట్టించేవాణ్ణి."

గది నవ్వింది. జ్యూరీ నవ్వింది. పంది ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుంటే ఆ పక్క చెవి వెచ్చగానే ఉంటుంది. ఎనోస్ లేచి ఆ మాట చెప్పబోయాడు. నవ్వులో ఎవరికీ వినబడలేదు. మళ్ళీ చెప్పలేదు. రెండోసారి చెప్పటం అతనికి చేతకాదు.

నేను లేచాను.

"మా మజ్జిగ తాగుతూ చలేనన్నావు కదయ్యా నువ్వు!"

టారెంట్ నా వైపు వంగి దండం పెట్టినంత పని చేశాడు. "అమ్మా, ఆ మజ్జిగ రుచి ఇంకా నా నాలుక మీద ఉంది. మరిది మీద ఇంత ప్రేమున్న వదిన ఇచ్చిన మజ్జిగ తాగి, కాదని ఎవరనగలరు? నేనూ అనలేకపోయాను."

మళ్ళీ నవ్వు. జడ్జి బల్ల మీద కొట్టాడు. ఆయనా నవ్వుతూనే కొట్టాడు.

ఆ ఒక్క పందికి బదులు రెండు పందుల్ని క్రెయిల్‌కు ఇవ్వమన్నారు. ఎనోస్ ఆ సాయంత్రమే తోలిచ్చాడు. పందులతో అయిపోతే నేను ఈ కథ చెప్పేదాన్ని కాదు. మర్నాటి నుంచి అతని పేరు పంది ఎనోస్. మరమిల్లాయన కూతుర్ని లోపలికి పొమ్మని తలుపు వేశాడు. చర్చిలో అందరికీ పంచే రొట్టె పళ్ళెం అతని ముందు ఆగకుండా వెళ్ళింది. పళ్ళెం పట్టుకున్నవాడు క్రెయిల్. దారిలో ఎనోస్ ఎదురైతే కుర్రాళ్ళు ముక్కుతో గుర్రుమనేవాళ్ళు. పందిని కొయ్యటం ఒక ఇంటి పని కాదు. మరిగే నీళ్ళ పీపాలోకి దించటానికి, పైకి ఎత్తటానికి నలుగురు కావాలి. ఇవాళ మీ ఇల్లు, రేపు మా ఇల్లు అని అందరూ సాయం పడతారు. ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ రాలేదు. ఎనోసూ నేనూ చిన్న పందుల్నే కోసుకున్నాం.

టారెంట్ పైకి పోయాడు. శాసనసభకు వెళ్ళాడు. మెక్సికో యుద్ధానికి పోయి కల్నల్ అయి వచ్చాడు. గవర్నరయ్యాడు. ఓట్ల కోసం ఎక్కడ చెట్టు మొద్దెక్కి మాట్లాడినా పంది కథ చెప్పేవాడు. జనం అడిగి చెప్పించుకునేవాళ్ళు. కథలో పంది మూడు పందులైంది. ఎనోస్ ఆరడుగుల రౌడీ అయ్యాడు, చేతిలో గొడ్డలి వచ్చింది. ఎవరో ఒంటరి విధవరాలి పందిని కాజేశాడని కూడా ఒక చోట చెప్పారట. ఆ విధవను నేనా అని ఎనోస్‌ను అడిగాను. అతను నవ్వలేదు.

టారెంట్ గవర్నరుగా ఉన్నప్పుడు ఎనోస్ ఒకసారి రాజధానికి నడిచి వెళ్ళాడు. తిరిగొచ్చిన వారానికి మొక్కజొన్న వొలుస్తూ చెప్పాడు.

"కావలించుకున్నాడు వదినా."

"ఎవరు?"

"టారెంట్. చుట్ట ఇచ్చాడు. మనిద్దరం ఆ పంది వల్లే పైకొచ్చాం ఎనోస్, అన్నాడు. నేనెక్కడికొచ్చానండీ అన్నాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు."

"నువ్వేం అడిగావు?"

"ఏం అడుగుతాను? మా కోర్టు మెట్ల మీద నిలబడి, ఆ చెవి చలికి రాలిందని ఒక్కసారి చెప్పమన్నాను. చూద్దాం అన్నాడు."

ఎనోస్‌కు ఆ ఒక్కటే కావాలి. రెండు పందులూ వద్దు, మరమిల్లు పిల్లా వద్దు, ఆమెకు అప్పటికే మనవలు. పోయేలోపు ఆ మాట నలుగురూ వినాలి. దాని గురించి రోజూ మాట్లాడేవాడు కాదు. కానీ కంచె దగ్గర గుర్రం చప్పుడైతే తల ఎత్తేవాడు. ఇదివరకు ఎత్తేవాడు కాదు.

టారెంట్ ప్రెసిడెంటు పదవికి నిలబడిన ఏడు లిండ్లీలో పెద్ద సభ పెట్టారు. ముందుగా ఫెంటన్ సేర్ అనే ప్రచారం మనిషి మా ఇంటికి వచ్చాడు. బూట్లకు బురద అంటకుండా రాళ్ళ మీద నిలబడి మాట్లాడాడు.

"మిస్టర్ విట్లో, కల్నల్ గారు మిమ్మల్ని వేదిక మీద కూచోబెట్టుకుంటారట. ఆయన పక్కనే!"

"ఎందుకు?"

"పాత ప్రత్యర్థి కదండీ. చెయ్యి కలిపితే జనానికి ఎంత బాగుంటుంది!"

"చలి సంగతి చెబుతాడా?"

ఫెంటన్‌కు అర్థం కాలేదు. నేను చెప్పాను.

"ఓ, అదా! చెబుతారు. ఎందుకు చెప్పరు?"

అతను వెళ్ళాక అన్నాను. "చెప్పడు ఎనోస్. ఆ కథ లేకపోతే వాడి దగ్గర ఏముంది?"

"మాటిచ్చారుగా."

"ఇచ్చినవాడికి ఏం ఇస్తున్నాడో తెలీదు."

ఎనోస్ స్నానం చేసి మా ఆయన నల్లకోటు వేసుకున్నాడు. భుజాల దగ్గర బిగిసింది. అప్పటికే దగ్గు ఉంది, వేదిక మెట్లు ఎక్కటానికి రెండుసార్లు ఆగాడు. కోర్టు ముందు జెండాలు, వాయిద్యాలు. విందుకు గోతుల్లో ఎడ్లను కాలుస్తున్నారు. కాల్చేవాళ్ళు టారెంట్ బానిసలు. వాళ్ళు తినటం నేను చూడలేదు.

నేను వేదిక కిందే నిలబడ్డాను. టారెంట్ జుట్టు తెల్లబడింది. గొంతు అలాగే ఉంది. పంది కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. చదువుకున్న చలి దగ్గర జనం అతనికంటే ముందే నవ్వారు. తర్వాత ఎనోస్‌ను లేపి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇదిగో, ఆ రోజు నా ఎదుట నిలబడ్డవాడు! నేను మరిచిపోయాను. అతనూ మరిచిపోయాడు. మన దేశం అంటే ఇదే!"

చప్పట్లు. టోపీలు ఎగిరాయి. ఎనోస్ ఎదురు చూశాడు. టారెంట్ చెయ్యి దించబోయాడు. ఎనోస్ వదల్లేదు.

"వదులు ఎనోస్," అన్నాడు టారెంట్, పళ్ళు కనబడేలా నవ్వుతూనే.

"చెప్పండి."

"ఏం చెప్పాలయ్యా?"

"చలి అని."

"అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడెందుకు?"

"వాళ్ళకు చెప్పండి."

టారెంట్ ముఖం ఎర్రబడింది. నొప్పి అది. ఫెంటన్ వచ్చి ఎనోస్ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాడు. టారెంట్ చెయ్యి విదిలించుకుని జనం వైపు తిరిగాడు.

"అబ్బ, పట్టు చూశారా! ఆ పంది ఎలా దొరికిందో ఇప్పుడర్థమైంది నాకు!"

ఆ నవ్వు వాగు అవతలి దాకా వినబడి ఉంటుంది. ఎనోస్ మెట్లు దిగాడు. దిగటానికి ఆగలేదు.

అది అక్కడితో ముగిసిపోయేదే. కానీ ఎవరో చూసి ఏదో రాశారు, కల్నల్ చెయ్యి ఒక రైతు నలిపేశాడని అవతలి పార్టీ పత్రికలు ఎగతాళి చేశాయి. ఫెంటన్‌కు కోపం వచ్చింది.

మా దగ్గర ఓటు నోటితోనే వేస్తారు. కోర్టు గదిలో బల్ల వెనక జడ్జీలు, గుమాస్తా కూర్చుంటారు. షెరీఫ్ పేరు పిలుస్తాడు. ముందుకొచ్చి ఎవరికో అందరూ వినేలా చెప్పాలి. ఆడవాళ్ళకు లోపల పని లేదు. ఆ ఎన్నికల రోజు నేను కిటికీ బయట నిలబడ్డాను. కిటికీ తెరిచే ఉంది.

"ఎనోస్ విట్లో!" అని షెరీఫ్ పిలిచాడు.

వెనక నుంచి ఎవడో గుర్రుమన్నాడు. ఎనోస్ ముందుకు నడిచాడు.

"అభ్యంతరం," అన్నాడు ఫెంటన్. "దొంగతనం చేసినవాడికి ఓటు లేదు. ఈయన పంది దొంగ."

ఇన్నేళ్ళూ ఎనోస్ ఓటేశాడు. అడ్డు చెప్పాలని ఎవరికీ తోచలేదు. పెద్ద జడ్జి కళ్ళజోడు తీశాడు.

"అది పంది ఎవరిదన్న తగువు. దొంగ అని ఏ కోర్టూ అనలేదే?"

"దేశమంతా అంటోంది కదండీ."

"దేశం ఇక్కడికొచ్చి ప్రమాణం చెయ్యలేదుగా. నీ దగ్గర సాక్షి ఉన్నాడా?"

"ఉన్నాడు. పంది గలాయనే ఉన్నాడు. క్రెయిల్ గారూ, ఇలా రండి."

క్రెయిల్‌కు అప్పటికి ఎనభై దాటి ఉంటాయి. మనవడి భుజం పట్టుకుని వచ్చాడు. జేబులో టారెంట్ బొమ్మ ఉన్న రిబ్బను. ఫెంటన్ ముందే మాట్లాడి పెట్టుకున్నాడని తెలుస్తూనే ఉంది. షెరీఫ్ బైబిలు ముందుకు జరిపాడు.

"చెయ్యి పెట్టి చెప్పండి. ఎనోస్ విట్లో మీ పందిని దొంగిలించాడని దేవుడి సాక్షిగా చెబుతారా?"

క్రెయిల్ చెయ్యి పెట్టాడు. గదిలో ఎవరో దగ్గారు. ఫెంటన్ అన్నాడు, "ఒక్క ముక్క, తాతగారూ. అవునంటే చాలు."

క్రెయిల్ చెయ్యి తీసేశాడు.

"ఏమైంది?" అన్నాడు జడ్జి.

"నేను చెప్పను."

"చెప్పనంటే? దొంగిలించలేదనా?"

ముసలాయన బైబిలు వైపే చూస్తున్నాడు. "ఆ ఏడు మార్చిలో నా పంది ఇంటికొచ్చింది. కోర్టయిపోయాక. వెనక పిల్లలు కూడా వచ్చాయి."

"ఏ పంది?"

"పోయిందన్న పందే. నా గుర్తుతోనే. కత్తితో కోసిన అంచు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"లాయరు గారికి చెప్పాను. గెలిచిన కేసు గెలిచినట్టే ఉండనీ అన్నాడు. ఆ తర్వాత..." ఆగాడు. "ఆ తర్వాత ఎవరూ అడగలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆ గది నవ్వకపోవటం నేను మొదటిసారి చూశాను. కానీ ఆ మౌనం మంచిది కాదు. వాళ్ళు కోపంగా ఉన్నారు. ఎవరి మీదో వాళ్ళకే తెలియదు. క్రెయిల్ మీద, ఫెంటన్ మీద, అన్నిటికంటే ఎక్కువ ఎనోస్ మీద. ఎన్నాళ్ళుగానో చెప్పుకుంటున్న కథను అతను వాళ్ళ చేతుల్లోంచి లాగేసుకున్నట్టు చూశారు.

"అభ్యంతరం కొట్టేశాం," అన్నాడు జడ్జి. "విట్లో, ఎవరికి?"

"ఆయన చెప్పింది రాసుకోండి," అన్నాడు ఎనోస్.

"ఇక్కడ ఓట్లే రాస్తాం," అన్నాడు గుమాస్తా.

ఎనోస్ వెనక్కు తిరిగాడు. గోడ నుంచి గోడ దాకా నిలబడ్డ మనుషుల్ని చూశాడు. "విన్నారుగా?"

కొందరు తమ బూట్ల వైపు చూసుకున్నారు.

"విన్నారా లేదా?"

అతను రెండోసారి అడగటం నాకు తెలిసి అదే మొదలు.

"విన్నాం లేవయ్యా," అన్నాడు తలుపు దగ్గర ఒకడు, విసుగ్గా. "ఇక కానియ్. మాకూ పనులున్నాయి."

ఎనోస్ బల్ల వైపు తిరిగి అవతలి పార్టీ అతని పేరు చెప్పాడు. అతనెవరో ఎనోస్‌కు తెలియదు. బయటికి నడిచాడు.

క్రెయిల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మనవడు గుర్రబ్బండి తేవటానికి వెళ్ళాడు. రిబ్బను ఇంకా జేబుకే ఉంది.

"ఎనోస్," అన్నాడు. "చెప్పాన్రా చివరికి."

ఎనోస్ ఆగాడు. నేను అతని చెయ్యి చూశాను. పిడికిలి కాలేదు. ముసలాయన పక్క నుంచి, ఒక రాయి పక్క నుంచి దిగినట్టు, దిగి వచ్చేశాడు.

ఇంటికి పోతూ వాగు రేవు దాటాక కూర్చుందామన్నాడు. నా సంచీలో మొక్కజొన్న రొట్టె ఉంది, ఉప్పు పంది మాంసం ముక్క ఉంది. తిన్నాడు. చాలాసేపు నమిలాడు.

"మొత్తానికి వచ్చింది కదా ఆ మాట," అన్నాను.

"దేవుడికి భయపడ్డాడు వదినా."

"భయపడితేనేం?"

"నన్ను చూసి కాదు. నేను ఇన్నేళ్ళూ వాడి పక్క పొలంలోనే ఉన్నాను. ప్రతి ఆదివారం వాడి కళ్ళ ముందే కూర్చున్నాను. నన్ను చూసి ఒక్కసారి కూడా ఆ అబద్ధం మీంచి చెయ్యి తియ్యలేదు."

మిగిలిన రొట్టె గుడ్డలో చుట్టాను. దగ్గు వచ్చింది అతనికి. తగ్గేదాకా కూర్చున్నాం.

టారెంట్ గెలిచాడు. మా కౌంటీలోనూ గెలిచాడు. వాషింగ్టన్ వెళ్ళే ముందు ఒక ఊళ్ళో ఆగి పంది కథ చెప్పాడని పత్రికలో వచ్చింది. క్రెయిల్ మాట ఆ గదిలో విన్నవాళ్ళు దాని గురించి ఎక్కడా ఎత్తలేదు. ఎనోస్‌కు ఎదురైతే మాత్రం గుర్రుమనటం మానేశారు. పలకరించటం మొదలుపెట్టలేదు. తల పక్కకు తిప్పుకుని పోయేవాళ్ళు.

ఎనోస్ ఆ వసంతంలోనే పోయాడు. పెట్టె చెక్కలు అతను చీల్చి ఆరబెట్టుకున్నవే. మోయటానికి మనుషులు చాలలేదు. క్రెయిల్ మనవళ్ళు వస్తామన్నారు. వద్దని కబురు చేశాను.